ముగ్గురు విద్యార్థులు చూచిన నలంద

విద్యాలయ మనగా నేమి? ఎత్తైన భవనములా? గ్రంథములతో నిండిన బీరువాలా? పరీక్షలా, పట్టములా? ఇవి యన్నియు విద్యాలయమునకు కావలసినవే. కాని వీని యన్నింటికిని ప్రాణము వంటిది మరియొకటి కలదు. అది ఒకచోట చేరి, ఒక నియమమునకు లోబడి, ఒకరికొకరు తోడై నివసించెడి గురుశిష్యుల సమాజము. ఆ సమాజ మున్నచోట గోడలు కూలినను విద్య నిలుచును. ఈ సత్యమునకు నలందా మహావిహారము గొప్ప నిదర్శనము.

నలంద నేటి బీహారు రాష్ట్రమున, ప్రాచీన మగధ రాజధానియైన రాజగృహమునకు ఉత్తరమున కొలది దూరములో నున్నది. క్రీ.శ. 5వ శతాబ్దమున గుప్తవంశపు రాజైన కుమారగుప్తుడు దీనికి పునాది వేసెనని చరిత్రకారులు చెప్పుదురు. తరువాతి రాజులు ఒక్కొక్కరు ఒక్కొక్క విహారమును కట్టించి దానిని పెంపొందించిరి. ఏడువందల యేండ్లకు పైగా అచట విద్యాదీపము వెలుగుచుండెను.

అచటి జీవితమెట్టిదో మనకు తెలిపినవారిలో ముగ్గురు విదేశీయులు ముఖ్యులు. 7వ శతాబ్దమున చీనాదేశమునుండి వచ్చిన హ్యూన్‌త్సాంగు, ఇత్సింగు అనువా రిరువురు. 13వ శతాబ్దమున టిబెట్టునుండి వచ్చిన ధర్మస్వామి మూడవవాడు. వీరు వింతలు చూచి పోవుటకు వచ్చిన బాటసారులు కారు. అచట విద్యార్థులై నివసించిరి. అచటి గంటకు మేల్కొనిరి. అచటి గురువుల పాదములకడ కూర్చుండి చదివిరి. కావుననే వీరి మాటలు మనకు విలువైనవి.

నలందలో ప్రవేశము సులభముగా లభించెడిది కాదు. వాదములలో పాల్గొనగోరి పరదేశములనుండి వచ్చినవారిని ద్వారముకడ నున్న పండితుడు కఠినమైన ప్రశ్న లడిగెడివాడని హ్యూన్‌త్సాంగు వ్రాసెను. ప్రాత శాస్త్రములును, క్రొత్త శాస్త్రములును లోతుగా చదివినవారికి గాని అవి కొరుకుడు పడెడివి కావు. పదిమందిలో ఏడెనిమిది మంది సమాధానము చెప్పలేక వచ్చిన దారినే మరలిపోయెడివారు. లోపల చోటు సంపాదించినవారికి దేశమంతట గౌరవము. ఆ గౌరవమున కాసపడి, నలంద గడప త్రొక్కనివారు సైతము తాము నలందా విద్యార్థులమని చెప్పుకొని తిరిగెడివారట! దొంగపేరు పెట్టుకొనదగినంత గొప్పదిగా ఆ పేరుండెనన్నమాట.

ద్వారము కఠినమే, లోపలి హృదయము మాత్రము మెత్తనిది. హ్యూన్‌త్సాంగు క్రీ.శ. 637 ప్రాంతమున నలంద చేరెను. అప్పటికి అతని వయస్సు ఇంచుమించు ముప్పదియైదేండ్లు. దేశము దాటిపోరాదన్న రాజాజ్ఞను లెక్కింపక, ఎడారులును మంచుకొండలును దాటి, యేండ్ల తరబడి ప్రయాణము చేసి అతడు వచ్చినది యోగాచారభూమి యను శాస్త్రమును శీలభద్రాచార్యునికడ చదువుటకు. ఇన్నూరుమంది భిక్షువులును, వేయిమంది గృహస్థులును గొడుగులతో, పతాకలతో, పూవులతో ఎదురేగి అతనిని తోడుకొని వచ్చిరి.

ఆ సంబరము కంటె తరువాత జరిగిన చిన్న కార్యము గమనింపదగినది. విహారాధికారి గంట మ్రోగించి, ఈ అతిథి విహారమున నున్నంతకాలము విహారమందలి సామగ్రి యంతయు ఇతరులతోపాటు ఇతనికిని చెందునని అందరు వినునట్లు చాటెను. అంతే! దేశము వేరు, భాష వేరు, రూపము వేరు. అయినను ఒక్క గంట మ్రోతతో ఆ పరదేశి ఇంటివాడైపోయెను. విద్యార్థిని చేర్చుకొనుట యనగా పుస్తకములో పేరు వ్రాసికొనుట మాత్రమే కాదు. నాకున్నది నీకును గలదని చెప్పుట.

పిమ్మట అతనిని శీలభద్రునికడకు కొనిపోయిరి. ఆయన అప్పటికి నూరేండ్లు దాటినవాడని హ్యూన్‌త్సాంగు జీవితచరిత్ర చెప్పుచున్నది. శిష్యుడు ఆచారము ప్రకారము మోకాళ్లపై, మోచేతులపై ప్రాకుచు పోయి గురువు పాదములకు మ్రొక్కెను. ఎక్కడనుండి వచ్చితివని ఆచార్యుడడిగెను. చీనాదేశమునుండి, తమ యొద్ద శాస్త్రము నేర్చుటకు వచ్చితినని ఇతడు చెప్పెను. ఆ మాట వినగానే వృద్ధుని కన్నుల నీరు నిండెను. అంతకు మూడేండ్లకు పూర్వము ఆయన దుర్భరమైన శూలవ్యాధితో బాధపడి, ఆహారము మాని ప్రాణము విడువ నిశ్చయించెనట. చీనానుండి యొక శిష్యుడు రానున్నాడనియు, అతనికి చదువు చెప్పుటకై జీవింపుమనియు కలలో ఆదేశము కలిగెనట. కల మాట యెట్లున్నను, చెప్పుట కొక శిష్యుడున్నాడన్న ఆశయే ఆ గురువును బ్రతికించెనని మనము గ్రహింపవచ్చును.

ఇక సామాన్య విద్యార్థి దినచర్య యెట్టిదో తెలిసికొనవలెనన్న ఇత్సింగు నడుగవలెను. ఇతడు క్రీ.శ. 671లో ఓడ నెక్కి, 673లో తామ్రలిప్తి రేవున దిగి, పిమ్మట నలందలో ఇంచుమించు పదియేండ్లుండెను. చిన్న చిన్న విషయములను సైతము విడువక వ్రాయుట ఇతని స్వభావము. పండ్లు తోముకొను పుల్ల మొదలు పెద్దలకు నమస్కరించు విధము వరకు అన్నియు ఇతని గ్రంథమున కలవు.

నలంద చుట్టును పదికి పైగా పెద్ద కొలనులుండెను. ఉదయమున గంట మ్రోగగనే విద్యార్థులు స్నానవస్త్రములు చేతబట్టుకొని బయలుదేరెడివారు. ఒక్కొక్కప్పుడు నూర్గురు, ఒక్కొక్కప్పుడు వేయిమంది ఒక్కసారిగా విహారములనుండి వెలువడి నలుదిక్కుల నున్న కొలనులకు పోవుచుందురని ఇత్సింగు వ్రాసెను. తెలతెలవారు వేళ కొలనుగట్ల వెంట సాగిపోవు ఆ కాషాయపు వరుసలను మీ మనోనేత్రములతో చూడుడు.

కాలమును కొలుచుటకు నీటిగడియారముండెను. పెద్దపాత్రలోని నీటిపై అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను తేలవిడుతురు. రంధ్రము గుండ నీరు మెల్లమెల్లగా ఎక్కి గిన్నె మునుగును. ఒకసారి మునిగినపుడు ఒక దెబ్బ, రెండవసారి మునిగినపుడు రెండు దెబ్బలు, ఈ విధముగా డోలు మ్రోగింతురు. నాలుగు దెబ్బలైన పిదప శంఖ మూదుదురు. ఈ గిన్నెలు రాజులిచ్చిన కానుకలు. వానిని కనిపెట్టియుండుటకు బాలురు నియమింపబడిరి. మనము నేటికిని వాడుచున్న ‘గడియ’ యను మాట ‘ఘటిక’ యను సంస్కృత పదమునుండి పుట్టినదే. మిట్టమధ్యాహ్నము దాటిన పిదప భిక్షువులు భుజింపరాదు గనుక, చిన్నవారు కాచెడి ఆ గిన్నెకు పెద్ద పండితులు సైతము లోబడవలసినవారే.

పగలంతయు పాఠములును, చర్చలును సాగెడివి. ప్రతిదినము నూరు పీఠములనుండి ఉపన్యాసములు జరుగుచుండెననియు, విద్యార్థులు క్షణమైనను వృథచేయక వాని నాలకించెడివారనియు హ్యూన్‌త్సాంగు జీవితచరిత్ర తెలుపుచున్నది. బౌద్ధశాస్త్రములు మాత్రమే కాదు. వేదములు, వ్యాకరణము, తర్కము, వైద్యము, సాంఖ్యము మున్నగునవియు అచట చదివెడివారు. గురువులును ఒక ప్రాంతమువారు కారు. ధర్మపాలుడు కాంచీపురమువాడు; అతని శిష్యుడైన శీలభద్రుడు తూర్పున నున్న సమతట దేశమువాడు.

విద్యార్థుల సంఖ్య పదివేలని హ్యూన్‌త్సాంగు జీవితచరిత్రయు, మూడువేలకు పైబడి యుండెనని ఇత్సింగును చెప్పిరి. త్రవ్వకములలో బయల్పడిన గదులను బట్టి చూడగా ఇత్సింగు లెక్కయే నిజమునకు దగ్గరగా తోచును. అంతమంది ఒక్కచోట చేరి సాయంకాలపు ప్రార్థన చేయుట కష్టము. అందులకు నలందవారు చక్కని యుపాయము కనుగొనిరి. ప్రొద్దు వాలువేళ ఒక గాయకుడు స్తోత్రములు పాడుచు ఒక్కొక్క శాలకు వెళ్లును. ధూపమును పూవులును పట్టుకొని బాలురు అతని ముందు నడతురు. ఎనిమిది శాలలు, మూడువందల గదులు గల ఆ మహావిహారమంతట చీకటి పడునప్పటికి ఆ గానము వినవచ్చును. జనులు పాటకడకు పోలేనపుడు పాటయే జనులకడకు వచ్చెడిదన్నమాట!

గురుశిష్యుల సంబంధమును గురించి ఇత్సింగు చెప్పిన మాటలు మరువరానివి. రాత్రి మొదటి జామునను చివరి జామునను శిష్యుడు గురువుకడకు పోవును. గురువు అతనిని కూర్చుండబెట్టి, అతని శక్తికి తగిన పాఠమును చెప్పి, ఏ సందేహమును మిగులనీయక విడమరచును. శిష్యుడు గురువునకు ఒడలు పట్టును, వస్త్రములు మడచిపెట్టును, గది ఊడ్చును, నీటిలో పురుగు లున్నవేమో పరికించి తెచ్చి యిచ్చును. ఇది యంతయు శిష్యుని వంతు. మరి గురువు వంతు? శిష్యుడు జబ్బుపడినచో గురువే స్వయముగ అతనికి పరిచర్య చేయవలెను, మందు తెచ్చి యీయవలెను, కన్నబిడ్డవలె చూచుకొనవలెను. సేవ రెండు వైపులనుండియు సాగెడిది.

ఇంతమంది కలసియుండు చోట అభిప్రాయభేదములు రాకుండునా? వచ్చినపుడు వారేమి చేసెడివారో ఇత్సింగు తెలిపెను. ముఖ్యమైన విషయము నిర్ణయింపవలసి వచ్చినచో విహారపాలుడు చేతులు జోడించుకొని ఒక్కొక్కరికడకు పోయి సంగతి విన్నవించి అభిప్రాయ మడుగును. ఒక్కరు కాదన్నను ఆ పని సాగదు. కాదన్నవానిని బెదరించుట గాని బలవంతపెట్టుట గాని లేదు. హేతువులు చూపి ఒప్పింపవలసినదే. సంఘమును అడుగక తన యిష్టము చొప్పున నడచినవాడు విహారమును విడిచి పోవలసియుండెను. అధికారి చేతులు జోడించి యడుగుట, చిన్నవాని మాటకును విలువ యుండుట, ఇవి ఆ నియమమందలి అందము.

హ్యూన్‌త్సాంగు కొంతకాలము చదివిన పిదప తూర్పు, దక్షిణ దేశముల యాత్రకు బయలుదేరి క్రీ.శ. 640 ప్రాంతమున మన ఆంధ్రదేశమునకును వచ్చెను. వేంగి ప్రాంతమున దిఙ్నాగుడు తర్కశాస్త్రమును రచించెనని చెప్పెడి కొండను గూర్చి అతడు వ్రాసియున్నాడు. అమరావతి చెంతనున్న ధాన్యకటకమున కొన్ని మాసము లాగెను. అచట సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు అతనికి తమ సంప్రదాయపు శాస్త్రములను బోధించిరి. అతడు వారికి తాను చదివిన మహాయాన శాస్త్రములను బోధించెను. ఒకరికొకరు గురువులును శిష్యులునై, పిమ్మట కలసి పుణ్యక్షేత్రములు దర్శించిరి. నలందలో అలవడిన జీవనవిధానము కృష్ణాతీరమునను అతనిని విడువలేదు.

అతడు మరల నలందకు వచ్చిన తరువాత జరిగిన సంగతి యొకటి వినుడు. లోకాయత మతమునకు చెందిన బ్రాహ్మణు డొకడు నలుబది సిద్ధాంతములను వ్రాసి విహారద్వారమున వ్రేలాడగట్టి, వీనిలో నొక్కదానిని ఖండించినను నా తల నిత్తునని చాటెను. కొన్ని దినములు ఎవ్వరును ముందుకు రాలేదు. అంతట హ్యూన్‌త్సాంగు ఆ పత్రమును తీసివేయించి, శీలభద్రుని సమక్షమున వాదించి గెలిచెను. బ్రాహ్మణుడు మాటకు కట్టుబడి తల నొసగుటకు సిద్ధపడెను. మేము ప్రాణము తీయువారము కాము, నా సేవకుడవై యుండుమని హ్యూన్‌త్సాంగు పలికెను.

కథ ఇంతటితో ముగియలేదు. కొన్నాళ్లకు హ్యూన్‌త్సాంగు ప్రతిపక్షమువా రొకరు రచించిన కఠినమైన గ్రంథమును ఖండింపవలసి వచ్చెను. అందు కొన్ని భాగములు అతనికి బోధపడలేదు. ఆ గ్రంథమును నీవు వింటివా యని సేవకు నడిగెను. అయిదుమారులు వింటినని ఆతడు చెప్పెను. అట్లయిన నాకు చెప్పుమని ఇతడు కోరెను. సేవకుడనగు నేను తమకు చెప్పుటయా యని ఆతడు వెనుదీసెను. హ్యూన్‌త్సాంగు వినలేదు. రాత్రివేళ ఆతనిని కూర్చుండబెట్టి గ్రంథమంతయు విని నేర్చుకొని, పిమ్మట ఆతనికి స్వేచ్ఛ నొసగెను. వాదములో గెలుచుట గొప్పయే. ఓడినవాని యెదుట శిష్యుడై కూర్చుండుట అంతకంటె గొప్ప. అట్టివా రున్నచోటనే విద్య వర్ధిల్లును.

ఇన్నివేలమందికి అన్నము పెట్టినవారెవరు? హ్యూన్‌త్సాంగు కాలమున నూరు గ్రామముల ఆదాయమును రాజు నలంద కిచ్చియుండెను. ఆ గ్రామములందలి ఇన్నూరు కుటుంబములవారు ప్రతిదినము బియ్యము, పాలు, వెన్న తెచ్చి యిచ్చెడివారు. ఇత్సింగు నాటికి నలందకు చెందిన గ్రామములు ఇన్నూరుకు పైబడెను. తిండికి, బట్టకు, మందునకు, పడకకు విచారము లేకుండుటయే వారి చదువు పండుటకు మూలమని హ్యూన్‌త్సాంగు జీవితచరిత్ర స్పష్టముగా చెప్పుచున్నది. శాస్త్రచర్చలలో ఆ రైతుల పేర్లు వినరావు. గ్రంథములందు వారి పేర్లు లేవు. కాని వారు దున్నిన పొలముల మీదనే నలందా విద్య నిలిచెను. చదువుకొన్నవాడు తీర్చవలసిన ఋణములలో గురుఋణముతోపాటు ఈ ఋణమును ఒకటి.

హ్యూన్‌త్సాంగు స్వదేశమునకు బయలుదేరునపుడు నలందవారు అతనిని ఉండుమని బతిమాలిరి. బుద్ధుడు పుట్టిన దేశమును విడిచిపోవనేల యనిరి. సూర్యుడు చీకటిని పోగొట్టుటకే తిరుగుచున్నట్లు ధర్మమును లేనిచోటికి కొనిపోవలెనని అతడు చెప్పెను. శీలభద్రుడు సంతోషించి అనుమతించెను. క్రీ.శ. 645లో అతడు 657 గ్రంథములతో చీనా రాజధాని చేరెను. సింధునది దాటునపుడు కొన్ని గ్రంథములు నీటిపాలయ్యెను.

ఏడేండ్లు గడచిన పిదప, 652లో, మగధనుండి అతనికి లేఖలు వచ్చెను. మహాబోధి విహారమందలి ప్రజ్ఞాదేవుడును, శీలభద్రుని శిష్యుడైన జ్ఞానప్రభుడును అతనిని మరువక క్షేమసమాచార మడుగుచు వ్రాసిరి. కానుకగా రెండు తెల్లని నూలుబట్టలను పంపుచు, ఇది స్వల్పమని యెంచవలదని కోరిరి. 654లో హ్యూన్‌త్సాంగు ప్రత్యుత్తరములు వ్రాసెను. శీలభద్రుడు గతించెనని విని తాను పొందిన దుఃఖమును తెలిపెను. తాను అనువదించిన గ్రంథములను పేర్కొనెను. సింధునదిలో పోయిన గ్రంథముల పట్టికను చేర్చి, వీలైనచో వాని ప్రతులను పంపుడని వేడెను. వేల క్రోసుల దూరమున నున్నను అతడు నలందవాడుగానే యుండెను.

12వ శతాబ్ది చివరను, 13వ శతాబ్ది మొదటను జరిగిన దండయాత్రలలో మగధయందలి విహారములు ధ్వంసమయ్యెను. అటుపిమ్మట, 1235 ప్రాంతమున, టిబెట్టునుండి ధర్మస్వామి నలందకు వచ్చెను. హ్యూన్‌త్సాంగు చూచిన వైభవ మప్పటికి లేదు. అనేక విహారములు పాడుపడి యుండెను. అయినను తొంబదియేండ్లు దాటిన రాహులశ్రీభద్రు డను గురువు ఆ శిథిలముల నడుమ డెబ్బదిమంది శిష్యులకు పాఠము చెప్పుచుండెను. ధర్మస్వామి వారిలో నొకడై చేరెను.

ఒకనాడు సైనికులు వచ్చుచున్నారను వార్త తెలిసెను. గురువు శిష్యులందరిని పారిపొండని యాజ్ఞాపించెను. వారు పోయిరి. ధర్మస్వామి మాత్రము కదలలేదు. నేను ముసలివాడను, నడువలేను, నీవైనను ప్రాణము దక్కించుకొనుమని గురువు పలికెను. శిష్యుడు వినలేదు. కొంచెము బియ్యము, చక్కెర, కొన్ని పుస్తకములు తీసికొని, గురువును తన వీపుపై మోసికొని సమీపమందలి యొక ఆలయమునకు చేర్చి, అచట దాగియుండిరి. మూడువందలమంది సైనికులు వచ్చి వెదకి, ఎవ్వరిని గానక మరలిపోయిరి. ఆ దినమున నలందా విశ్వవిద్యాలయ మెక్కడ నుండెను? కూలిన గోడలలో లేదు. ఒక పరదేశి విద్యార్థి వీపుమీద నుండెను.

కాలక్రమమున ఆ దీపమును ఆరిపోయెను. ఇటుకలపై మన్ను కప్పెను. 1915లో పురావస్తుశాఖవారు త్రవ్వకము లారంభించి, ముంగిలి చుట్టును వరుసగా గదులు గల విహారములను, బావులను, పొయ్యిలను, చైత్యములను బయల్పరచిరి. 2016లో యునెస్కో సంస్థ ఆ శిథిలములను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. రాజగృహమున అదే పేరుతో క్రొత్త విశ్వవిద్యాలయమొకటి 2014లో బోధన ప్రారంభించెను. నేడును దూరదేశములనుండి విద్యార్థులు అచటికి వచ్చుచున్నారు.

బాలబాలికలారా! కొలది సంవత్సరములలో మీలో పలువురు ఊరు విడిచి, వసతిగృహములలో చేరి, కళాశాలలలో చదువుదురు. మీ ప్రక్కగదిలో మీ భాష రానివాడుండవచ్చును. మీ భోజనము నచ్చనివాడుండవచ్చును. అప్పుడు ఆ పరదేశి కొరకు మ్రోగిన గంటను తలచుకొనుడు. మీ తోడివాడు జబ్బుపడినపుడు, మీ యన్నము పండించినవా రెవరని యోచించినపుడు, పరీక్షలో మీకంటె వెనుకబడినవాడు మీకు తెలియని సంగతి చెప్పినపుడు కూడ నలందను తలచుకొనుడు. ఆ గంటను మరల మ్రోగించుట మీ చేతులలో నున్నది.

ప్రశ్నలు

1. హ్యూన్‌త్సాంగును నలందవారు తమలో చేర్చుకొన్న విధమును వివరింపుము.
2. నలందలోని నీటిగడియారము ఎట్లు పనిచేసెడిదో తెలుపుము.
3. గురువు శిష్యునకు, శిష్యుడు గురువునకు చేయవలసిన సేవలేవి?
4. ఓడినవానియొద్ద హ్యూన్‌త్సాంగు ఏమి నేర్చుకొనెను? దీనివలన అతని గుణమేమి తెలియుచున్నది?
5. “ఒక పరదేశి విద్యార్థి వీపుమీద నుండెను” అను వాక్యము యొక్క భావమును నీ సొంతమాటలలో వ్రాయుము.